పాత 7106 మల్టీమీటర్: ఊడిపోయిన కెపాసిటర్ పెట్టాక నాలుగేళ్ల వాడకం

ఇది మూడున్నర అంకెల (1999 దాకా చూపే) పాత డిజిటల్ మల్టీమీటర్. లోపల నలభై కాళ్ల ఇంటర్‌సిల్ 7106 చిప్, 9 వోల్టుల బ్యాటరీ. దొరికినప్పుడు బోర్డు మీద ఒక పార్టు లేదు, రెండు రంధ్రాలు ఖాళీ. ఏ రేంజిలో పెట్టినా ఎడమవైపు 1 తప్ప ఏమీ రాలేదు. ఆ పార్టు పెట్టాక నాలుగేళ్లుగా హన్మకొండలో రిపేరు బల్ల మీద పనిచేస్తోంది. డీసీ వోల్టేజికి దీన్ని చాలావరకు నమ్మవచ్చు. త్రీఫేజ్ దగ్గరికి మాత్రం తీసుకుపోకూడదు.

పోయిన పార్టేదో సర్క్యూట్ బొమ్మ లేకున్నా తెలుస్తుంది. బ్యాటరీ తీసేసి, ఇంకో మీటరును కంటిన్యుటీలో పెట్టి, ఒక్కో రంధ్రం చిప్ ఏ కాలికి పోతుందో చూడాలి. 27వ కాలు నుంచి ఇంటిగ్రేటింగ్ కెపాసిటర్ (కొలిచే వోల్టేజిని చార్జిగా కూడబెట్టేది), 28 నుంచి రెసిస్టర్, 29 నుంచి ఆటో జీరో (సున్నా సరిచేసే) కెపాసిటర్ బయలుదేరి మూడూ ఒకేచోట కలుస్తాయి. దీంట్లో ఒక రంధ్రం 27కు, రెండోది ఆ కలిసేచోటికి పోయింది. అంటే లేనిది ఇంటిగ్రేటింగ్ కెపాసిటర్. కాళ్లు లెక్కపెట్టే ముందు 1వ కాలు బ్యాటరీ ప్లస్‌కు పోతుందో లేదో చూడండి. 7106ఆర్ అనే రకంలో కాళ్ల వరుస అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది.

విలువ ఎంతో పక్కనున్న పార్టులను చూస్తే తేలిపోతుంది. రెసిస్టర్ 47 కిలోఓమ్‌లు, ఆటో జీరో 0.47 మైక్రోఫారడ్ ఉంటే అది 200 మిల్లీవోల్టుల అమరిక. అక్కడ పడేది 0.22 మైక్రోఫారడ్, అంటే మీద 224 అని రాసి ఉన్నది. చిప్‌కు లయ ఇచ్చే క్లాక్ 48 కిలోహెర్ట్జ్ అయితే చిప్ ఇన్‌పుట్‌ను 83 మిల్లీసెకన్లు కొలుస్తుంది, 200 మిల్లీవోల్టులకు కెపాసిటర్ మీద 1.6 వోల్టులు పెరుగుతాయి. 0.1 పెడితే అదే 3.5 వోల్టులకు పోవాలి. కానీ కామన్ (చిప్ కొలతకు సున్నాగా తీసుకునే చోటు) ఉండేది బ్యాటరీ ప్లస్‌కు 2.8 వోల్టుల కిందే కాబట్టి పైకి అంత చోటే లేదు. అప్పుడు చిన్న రీడింగులు మంచిగనే వస్తాయి, రేంజి చివరికి పోయేసరికి తప్పుతాయి, అదీ ఒక ధ్రువంలోనే. లీడ్లు తిప్పి పెడితే అంకె మారుతుంది.

విలువ ఒక్కటే సరిపోతే చాలదు. దుకాణంలో 224 అంటే ముందు సిరామిక్ బిళ్ల చేతిలో పెడతారు. అది ఇక్కడ పనికిరాదు, కొంత చార్జిని లోపలే పట్టి ఉంచుకుని ఆలస్యంగా వదులుతుంది, దాంతో కొలత వంకరపోతుంది. పాలీప్రొపిలీన్ 0.22, 100 వోల్టులది అని గట్టిగా అడగండి. ఫ్యాను కండెన్సర్ కూడా పాలీప్రొపిలీనే, కానీ 2.5 మైక్రోఫారడ్‌ది ఈ పనికి ఎందుకూ కొరగాదు.

ఐరన్ పట్టినప్పుడే చేయదగిన ఇంకో పని ఉంది. 39వ కాలుకున్న 100 కిలోఓమ్ రెసిస్టర్ మార్చి 110 పెడితే క్లాక్ 40 కిలోహెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. అప్పుడు కొలిచే సమయం 100 మిల్లీసెకన్లు, మన 50 హెర్ట్జ్ కరెంటుకు సరిగ్గా అయిదు చుట్లు. లైన్ల పక్కన చివరి అంకె ఆడటం దాంతో తగ్గిపోయింది. సరిచూడటానికి 21వ కాలు మీద ఫ్రీక్వెన్సీ కొలవండి, క్లాక్‌లో 800వ వంతు, అంటే 50 హెర్ట్జ్ రావాలి. సోల్డర్ చేశాక మిగిలిన ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా కడగాలి, ముఖ్యంగా 33, 34 కాళ్ల చుట్టూ. అది మిగిలితే వానకాలం తేమకు లీకేజి వచ్చి రీడింగు జారుతుంది.

సెట్టింగులో మొదట 200 మిల్లీవోల్టుల రేంజిలో లీడ్లు కలిపితే 00.0 రావాలి. రేంజి అలాగే ఉంచి, లీడ్లు విడదీసి, 36వ కాలిని (రిఫరెన్సు, అంటే చిప్ పోల్చుకునే స్థిర వోల్టేజి) 31కి (ఇన్‌పుట్) కలిపితే చుక్క వదిలేసి 1000, ఒక అంకె అటూ ఇటూ చూపాలి. ఇంటిగ్రేటర్ బాగుందనడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. ఆ వైరు తీసేశాక 35, 36 మధ్య 100.0 మిల్లీవోల్టులు వచ్చేలా ట్రిమ్‌పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) తిప్పాలి. అంకెల్లో గీతలు మాయమైతే 37వ కాలిని ప్లస్‌కు తాకిస్తే 1888 వెలుగుతుంది. క్షణం చూసి వెంటనే తీసేయాలి, అలాగే వదిలితే డిస్‌ప్లే గాజుకు డీసీ తగిలి చెడిపోతుంది.

ఇన్నేళ్లలో తేలిన లోపాలు మూడు. ఎండకు జారుడు మొదటిది. చిప్ రిఫరెన్సు డిగ్రీకి సుమారు 80 పీపీఎం (పది లక్షల్లో 80 వంతులు) మారుతుంది. చలికాలం సెట్ చేసిన మీటరు, మే నెలలో గది 25 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, 12.60 వోల్టుల బ్యాటరీ మీద రెండు మూడు చివరి అంకెలు పక్కకు పోతుంది. రెండోది మీటరు లోపలి బ్యాటరీ. అది 7 వోల్టులకు దిగితే రిఫరెన్సు తగ్గి, రీడింగు అసలు కంటే ఎక్కువ చూపిస్తుంది. మనం కొలిచే వీక్ బ్యాటరీని మంచిదని నమ్మించే తప్పు ఇది. మూడోది ఏసీ. సగటు కొలిచి సైన్ వేవుకు సరిచేసే రకం కాబట్టి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద 220 ఉంటే 244 దాకా చూపుతుంది.

బాయికాడి మోటరు స్టార్టరు డబ్బాలో 415 వోల్టులు చూడటానికి ఇది వద్దు. లోపల సన్న గాజు ఫ్యూజే ఉంది, లీడ్లు పాతవి, క్యాట్ రేటింగ్ (మెయిన్స్ కరెంటు మీద వాడటానికి భద్రతా స్థాయి) లేదు. దానికి క్యాట్ 3, 600 వోల్టుల మీటరు వేరే ఉంచుకోవాలి.