కొండ బొమ్మ చెంచాలు: రంగులవి మేలా, ఉత్త వెండివా?

నా దగ్గర కొండ బొమ్మల చెంచాలు పదిహేడున్నాయి. మా పిన్ని చూసినప్పుడల్లా "ఇవి ఉప్పు తీసుకోడానికైనా పనికొస్తాయా నాన్నా?" అంటుంది. పనికిరావు. చూసిన చోటికి గుర్తుగా కొనుక్కునే చెంచాలివి, కాఫీ చెంచా సైజు, కాడ చివర ఒక శిఖరం, అంతే. అమెరికాలో 1890లలోనే ఇలాంటి గుర్తు చెంచాల పిచ్చి ముదిరింది, నాకు చెన్నైలో ఇప్పుడు పట్టింది.

కొత్తగా కొనేవాళ్లు రంగుల ఎనామిల్ వైపే చెయ్యి చాపుతారు. స్విట్జర్లాండ్ కొండ మాటర్‌హార్న్ వెనక ఆ నీలం చూస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది. గాజు పొడిని లోహం మీద పరిచి కొలిమిలో కరిగిస్తారు కాబట్టి రంగు తేలిగ్గా వెలవదు, మన ఉప్పుగాలిని లెక్కచెయ్యదు. కానీ గాజు గాజే. నాదొకటి మొజాయిక్ నేల మీద పడి, జపాన్ కొండ ఫుజి మీది మంచు గోరంత పెచ్చుగా ఎగిరిపోయింది. 3,776 మీటర్ల కొండకి ఇప్పుడు బోడిగుండు. చవగ్గా వచ్చేవాటిలో చాలావరకు అసలు ఎనామిలే కాదు, అచ్చు బొమ్మ మీద రెసిన్ చుక్క, అంటే గట్టిపడ్డ ప్లాస్టిక్ జిగురు. కొన్నేళ్లకి పసుపెక్కుతుంది.

రెండో రకంలో రంగుండదు, కొండని వెండిలోనే ఎత్తుపల్లాలుగా అచ్చొత్తుతారు. కింద పడ్డా మహా అయితే సొట్టపోతుంది. తలనొప్పల్లా నలుపుతోనే. గాలిలోని గంధకం వాయువులకి తేమ తోడైతే వెండి త్వరగా నల్లబడుతుంది. బెంగళూరులో మా అక్క ఏడాదికోసారి తుడుస్తుంది, నాకు మూడు నెలలకే పని పడుతుంది. రబ్బరు బ్యాండు వేసి మాత్రం దాచకండి, అందులోనూ గంధకం ఉంటుంది.

కొనేముందు వెనక ముద్ర చూడండి. 925 అంటే స్టెర్లింగ్, వెయ్యి పాళ్లలో 925 వెండి; యూరప్ పాతవాటి మీద 800 కూడా కనిపిస్తుంది. ఈపీఎన్ఎస్ అంటే పైన వెండి పూత, లోపల రాగి, నికెల్, జింకు. అమ్మితే ఎంతొస్తుందని షావుకారుపేటలో నేను అడిగిన వెండికొట్టాయన అచ్చొత్తినదాన్ని కాటాలో వేసి, 12 గ్రాములని ధర చెప్పాడు. ఎనామిల్‌దాన్ని తిప్పి చూసి నా చేతికే ఇచ్చేశాడు.

గాజు తలుపుల షోకేసు ఉంటే ఎనామిల్‌ది కొనుక్కోండి. పిల్లలున్న ఇంటికి, చేత్తో తడిమి చూసుకునే నాలాంటివాళ్లకి అచ్చొత్తిన వెండే మేలు. కాకపోతే శుభ్రం చేసేటప్పుడు నేను చేసిన పని చెయ్యొద్దు. అల్యూమినియం ఫాయిల్ పరిచి, వంటసోడా, వేడినీళ్లు పోసి అందులో ముంచాను. నిమిషంలో తళతళలాడింది, కొండ మాత్రం మాయమైంది. గీతల్లోని నలుపే దానికి నీడ, అదీ పోయింది. మళ్లీ నల్లబడేదాకా ఆగి, పిన్ని చేతికిచ్చాను. పొడిగుడ్డతో చిటికెడు విభూతి అద్ది, దీపపు కుందుల్ని తుడిచినట్టే పైపైన తుడిచింది. శిఖరం మెరిసింది, లోయల్లో నలుపు అలాగే ఉంది.