లేని సబ్జెక్టు ఒక్కటే రాయాలా, ఫౌండేషన్ ఇయర్ చేయాలా?

విదేశీ బోర్డులో చదివి, మార్కులు బాగానే వచ్చి, తీరా యూనివర్సిటీ అప్లికేషన్ దగ్గర "కెమిస్ట్రీ లేదు" అని ఆగిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. సబ్జెక్టు ఉన్నా తిప్పలు తప్పకపోవచ్చు: ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) బోర్డులో లెక్కలు చదివినా, కొన్ని ఇంజనీరింగ్ కోర్సులు 'అనాలిసిస్ అండ్ అప్రోచెస్' అనే లెక్కల కోర్సునే, అదీ హయ్యర్ లెవెల్‌లోనే అడుగుతాయి. అప్పుడు ముందున్నవి రెండు దారులు: ఆ ఒక్క సబ్జెక్టు ప్రైవేటుగా రాయడం, లేదా డిగ్రీకి ముందు ఏడాది పాటు సిద్ధం చేసే ఫౌండేషన్ ఇయర్ చేయడం.

ఖర్చు: ఒక్క సబ్జెక్టు ప్రైవేటుగా రాస్తే పరీక్ష ఫీజు, ట్యూషన్. ఫౌండేషన్‌కైతే ఏడాది ఫీజు, చాలామందికి హాస్టల్ ఖర్చు కూడా.

శ్రమ: ఇక్కడే చాలామంది పొరబడతారు. కేంబ్రిడ్జ్ బోర్డు ఏ లెవెల్ (మన ఇంటర్ లాంటి పరీక్ష) కెమిస్ట్రీలో మూడో పేపర్ ల్యాబ్‌లో చేయాల్సిందే. బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వదులుతూ సరిగ్గా రంగు మారే క్షణాన్ని పట్టుకోవడం పుస్తకం చదివితే రాదు, పైగా ప్రైవేటు విద్యార్థులకు ల్యాబ్ ఇచ్చే సెంటర్ దొరకడమే కష్టం, కాబట్టి ట్యూషన్‌లో చేరకముందే సెంటర్ చూసుకోండి. లెక్కలకు ఈ బాధ లేదు. ఫౌండేషన్‌లో ల్యాబ్, టీచర్లు కాలేజీ బాధ్యతే.

రిస్క్: మే-జూన్‌లో రాస్తే ఫలితాలు ఆగస్టులో, గ్రేడ్ తగ్గితే ఆ ఏడు అడ్మిషన్ చేజారొచ్చు. ఫౌండేషన్ పాసైనా అన్ని యూనివర్సిటీలూ దాన్ని ఒప్పుకోవు.

తక్కువైంది ఒక్క సబ్జెక్టే, అదీ లెక్కల్లాంటిదైతే ప్రైవేటుగా రాసేయండి. రెండు మూడు లేకపోయినా, స్కూలు సర్టిఫికెట్‌నే నేరుగా గుర్తించకపోయినా ఫౌండేషనే మేలు. మెడిసిన్ అయితే మాత్రం ఏ దారైనా సరే, అది చెల్లుతుందని అడ్మిషన్ల ఆఫీసు నుంచి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాకే డబ్బు కట్టండి.