“లేటెస్ట్ 3.13” అన్న పైథాన్ కోర్సుకి రూ. 4,499 కట్టి మోసపోయాను, మీరు జాగ్రత్త

నెట్‌వర్క్ ఆటోమేషన్, అంటే రౌటర్లలాంటి పరికరాల పని పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో కోడ్ రాసి చేయించడం, నేర్చుకుందామని ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. బ్యానర్ మీద ఎర్రక్షరాలతో “పైథాన్ లేటెస్ట్ 3.13” అని ఉంది. సరే కదా అని నేనూ 3.13నే ఇన్‌స్టాల్ చేసుకుని కూర్చున్నా. వేరియబుల్స్, లూపులు ఏ వెర్షన్లోనైనా ఒకటే కాబట్టి మొదటి పది రోజులు హాయిగా గడిచాయి. పన్నెండో రోజు రౌటర్లోకి లాగిన్ అయ్యే పాఠం. సారు చెప్పినట్టే మొదటి లైన్లో “ఇంపోర్ట్ టెల్నెట్‌లిబ్” అని కొట్టి రన్ చేశా. టెల్నెట్ పద్ధతిలో వేరే పరికరంలోకి లాగిన్ కావడానికి పనికొచ్చే రెడీమేడ్ కోడ్, అంటే మాడ్యూల్ అది. అలాంటి మాడ్యూలే లేదని ఎర్రర్.

స్పెల్లింగ్ నాలుగుసార్లు చూసుకున్నా. పైథాన్ తీసేసి మళ్ళీ వేశా. ఆ రాత్రంతా దానికే పోయింది.

తీరా చూస్తే 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో టెల్నెట్‌లిబ్‌ని తీసేశారు. అదొక్కటే కాదు, సీజీఐ, క్రిప్ట్, పైప్స్ లాంటివి కలిపి మొత్తం 19 మాడ్యూళ్ళు. పైథాన్ వాళ్ళు మా భాషతోపాటు బ్యాటరీలు కూడా కలిపే ఇస్తాం, అంటే కావాల్సిన మాడ్యూళ్ళు విడిగా వెతుక్కోనక్కర్లేదు అని చెప్పుకునేవాళ్ళు కదా, ఇవి చచ్చిన బ్యాటరీలన్నమాట. చూసుకునేవాళ్ళు లేరు, వాడేవాళ్ళు తగ్గారు. ఇదేమీ రాత్రికి రాత్రి జరగలేదు. 2022లో వచ్చిన 3.11 నుంచే ఇంపోర్ట్ చేస్తే హెచ్చరిక ఇస్తోంది. అంటే సారుకి రెండేళ్ళ టైముంది.

అప్పుడు అనుమానమొచ్చి పాత వీడియోలు మళ్ళీ తిప్పి చూశా. ఒకచోట సారు నల్ల తెరలో “ఎగ్జిట్” అని కొడితే బయటికి రాలేదు, బ్రాకెట్లు పెట్టమని మెసేజ్ వచ్చింది. 3.13లో బ్రాకెట్లు లేకుండానే బయటికొచ్చేస్తుంది, టైప్ చేయమని చూపే ఆ మూడు బాణాల (>>>) ప్రాంప్ట్ కూడా రంగులో కనిపిస్తుంది. ఇంకోచోట ఎఫ్‌-స్ట్రింగ్ (వేరియబుల్ విలువని మధ్యలో ఇరికించుకునే టెక్స్ట్) లోపల మళ్ళీ అవే కొటేషన్లు వాడితే ఎర్రర్ వస్తుందని గట్టిగా చెప్పారు. 3.12 నుంచి రాదు, కావాలంటే కొట్టి చూడండి. పాత వీడియోలకి కొత్త బ్యానర్ తగిలించారు, అంతే.

సపోర్ట్‌కి రాస్తే వచ్చిన జవాబు: “3.8 ఇన్‌స్టాల్ చేసుకోండి సార్, పనిచేస్తుంది.” పనిచేస్తుంది, నిజమే. కానీ 3.8కి సెక్యూరిటీ ఫిక్సులు కూడా 2024 అక్టోబరుతోనే ఆగిపోయాయి. రేపు ఇంటర్వ్యూలో నేను 3.8 మీద నేర్చుకున్నానని చెప్పాలా? రిఫండ్ అడిగితే ఏడు రోజులు దాటిపోయిందన్నారు. అసలు పాఠం పన్నెండో రోజుకి గానీ రాకపోతే ఏడు రోజుల్లో ఏం తెలుస్తుంది!

కొనేముందు ఫ్రీ డెమోలో సారు తెర మీద వెర్షన్ నంబర్ చదవండి, బ్యానర్ని నమ్మొద్దు. మూడో అంకె, అంటే 3.13.1, 3.13.2 లాంటివి మారితే ఎక్కువగా బగ్ ఫిక్సులే, పాత పాఠం దాదాపు అలాగే నడుస్తుంది. మధ్య అంకె మారిందంటే మాత్రం ఏవైనా పీకేసి ఉండొచ్చు. 3.12లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు తయారుచేసి ఇన్‌స్టాల్ చేసే మాడ్యూల్) అలాగే పోయింది, దాని మీద ఆధారపడ్డ కొన్ని పాత ప్యాకేజీలు ఇన్‌స్టాలే కావు. సిలబస్‌లో ఇలా తీసేసిన వాటి పేర్లు కనిపిస్తే వాళ్ళనే అడగండి, 3.13లో రన్ చేసి చూపించమని.

ఇప్పటికే కొనేసినవాళ్ళకి ఒక దారుంది: టెల్నెట్‌లిబ్3 అని బయటి ప్యాకేజీ దొరుకుతుంది. కాకపోతే దాని పద్ధతి వేరు, సారు కోడ్ అలాగే అతికిస్తే నడవదు. నేనైతే టెల్నెట్ వదిలేసి నెట్‌మికో అనే పైథాన్ ప్యాకేజీతో, అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి గుట్టుగా పంపే ఎస్ఎస్‌హెచ్‌కి మారిపోయా. టెల్నెట్‌లో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వైరు మీద వెళ్తుంది, 2024 తర్వాత కొత్తగా నేర్పాల్సిన సంగతేనా అది?

బ్యానర్ స్క్రీన్‌షాట్, వీడియోలో వెర్షన్ కనిపించే ఫ్రేమ్ రెండూ దాచిపెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశా. డాకెట్ నంబర్ (ఫిర్యాదు నమోదు నంబర్) వచ్చింది. డబ్బు ఇంకా రాలేదు. బ్యానర్ మాత్రం మారింది, ఇప్పుడు “లేటెస్ట్ 3.14” అని ఉంది.