ఈకోకి పాత స్టీరింగ్ ర్యాక్: రెండేళ్లు, 41 వేల కిలోమీటర్లు తిప్పాక

మా మారుతీ ఈకో వ్యాన్ 2013 మోడల్. వెనక సీటు పీకేసి కర్రీ పాయింట్‌కి కూరగాయలు, బియ్యం బస్తాలు, వంటపాత్రలు వేస్తుంటాం. రోజూ గుడివాడ–కంకిపాడు రోడ్డు మీదే తిరుగుడు. మొదట గుంటలో పడ్డప్పుడల్లా ఎడమ పక్క టక్‌మనేది. కొన్నాళ్లకి స్టీరింగ్ రెండు వేళ్ల వెడల్పు తిప్పితే గానీ చక్రం కదిలేది కాదు. స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే బాల్ జాయింట్లు మార్చినా తగ్గలేదు. చివరికి మా మేస్త్రి కింద పడుకుని ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే పక్కకి జరిగి చక్రాలని తిప్పే పళ్ల కడ్డీ) మీది రబ్బరు బూటు, అంటే తొడుగు, వెనక్కి లాగితే ఎర్రటి తుప్పు నీళ్లు ఆయన చొక్కా మీదే కారాయి. బూటు ఎప్పుడు చినిగిందో ఏమో, వానాకాలం బురదంతా లోపలికే పోయింది.

కొత్త ర్యాక్ ధర విని విజయవాడ ఆటోనగర్ బస్సెక్కాను. పాత ర్యాక్ బండికే వదిలేసి ఉత్త చేతులతో పోవడం నేను చేసిన మొదటి తప్పు. షాపులో కుర్రాడు "వ్యాన్‌దేగా అన్నా, ఇదే వస్తుంది, తీస్కెళ్లు" అన్నాడు. 1,800 ఇచ్చి తెచ్చాను. ఇంటికొచ్చి పాతదాని పక్కన పెడితే పొట్టిగా ఉంది. అది మారుతీదే ఇంకో వ్యాన్, ఓమ్నిది. ఓమ్ని వెడల్పు 1410 మిల్లీమీటర్లు, ఈకోది 1475. బండి వెడల్పులోనే అంత తేడా ఉంటే ర్యాక్ ఒకటే ఎలా అవుతుంది? మర్నాడు వాపసు తీసుకెళ్తే "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నాడు. బోర్డు కూడా చూపించాడు.

ఈసారి పాత ర్యాక్‌నీ, స్టీరింగ్ రాడ్డు కింది జాయింట్‌నీ గోనెసంచిలో వేసుకుని వేరే షాపుకి పోయాను. అక్కడ మూడు ఈకో ర్యాకులు చూపించారు. ఒకదానికి నల్లరంగు కొత్తగా వేసి నిగనిగలాడుతోంది. నా చెయ్యీ దాని మీదకే పోయింది. మేస్త్రి ముందే ఒక మాట చెప్పి పంపాడు కాబట్టి బతికిపోయాను: "మధ్యలో ఎలా తిరుగుతుందో, చివర్లో ఎలా తిరుగుతుందో రెండూ చూడు."

విషయం ఏంటంటే, బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి ర్యాక్ కడ్డీ మీద మధ్య పళ్లే ముందు అరుగుతాయి. చివరి పళ్లు కొత్తవాటిలాగే ఉంటాయి. కడ్డీని పినియన్‌కి (స్టీరింగ్ రాడ్డుతో పాటు తిరిగే చిన్న పళ్ల చక్రానికి) నొక్కి పట్టడానికి వెనకాల ఒక స్ప్రింగు, దాని మీద బిగింపు ఉంటాయి. అరిగిన ర్యాక్ అమ్మేవాడు ఆ బిగింపు బాగా తిప్పేస్తాడు. మధ్యలో ఆట (వదులు) పోయి చేతికి గట్టిగా, బాగున్నట్టే తగులుతుంది. కానీ పూర్తిగా పక్కకి తిప్పితే అక్కడ పళ్లు అరగలేదు కదా, పట్టేస్తుంది. అది బండికి వేస్తే మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు.

నా జాయింట్ ఆ పినియన్‌కి తొడిగి (పళ్లు కలిశాయో లేదో కూడా అప్పుడే తేలిపోయింది) మెల్లగా తిప్పాను. రంగు వేసినది మధ్యలో దిట్టంగా ఉంది, కుడి చివరికి వచ్చేసరికి బిర్రబిగుసుకుపోయింది. రెండోదాని కడ్డీ ఒకచోట కాస్త వంగి ఉంది, యాక్సిడెంట్ బండిది అయ్యుంటుంది. మూడోది దుమ్ము, గ్రీజు అట్టకట్టి చూడ్డానికి అసహ్యంగా ఉంది గానీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరిగింది. బూటు లాగి చూస్తే కడ్డీ తెల్లగా మెరుస్తోంది. 4,000 చెప్పాడు, 2,600కి ఇచ్చాడు.

బూట్లు, బాల్ జాయింట్లు మాత్రం కొత్తవే కొన్నాను, 1,300. పాత బూటుతో పాత ర్యాక్ వెయ్యడమంటే మళ్లీ మొదటికి రావడమే. బిగింపు కూలి 800. చక్రాలు నేరుగా ఉండేలా సరిచేసే అలైన్‌మెంట్‌కి 350. మేస్త్రి పాత బాల్ జాయింట్లు ఊడదీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కపెట్టి, కొత్తవి అన్నే చుట్లు ఎక్కించాడు. అందుకే అలైన్‌మెంట్ షాపు దాకా బండి ఎటూ లాగకుండా వెళ్లింది.

రెండేళ్లయింది. టక్‌టక్ పోయింది, నిండు లోడుతో కూడా నేరుగా పోతుంది. పోయిన వానాకాలం ముందు కుడి బూటుకి చిన్న పగులు కనిపిస్తే వెంటనే మార్పించాను. ఇప్పుడు ఆట కొద్దిగా, ఒక వేలు మందం ఉంది. మేస్త్రి బిగింపు ముట్టుకోనన్నాడు, ఇంకొన్నాళ్లు చూద్దామన్నాడు. ఇంటిల్లిపాదీ తిరిగే బండి అయితే నేను కొత్తదే వేయిస్తాను. సరుకు బండికి పాతది చాలు, కాకపోతే స్వయంగా పోయి తిప్పి చూసుకోవాలి. ఫోటో చూసి పార్సిల్‌లో తెప్పించుకునే పని మాత్రం నేను చెయ్యను.

ఆ ఓమ్ని ర్యాక్ ఇంకా మా అటక మీదే ఉంది. ఓమ్ని 2019లో ఆగిపోయింది గదా, ఎవడో ఒకడు వెతుక్కుంటూ వస్తాడని మేస్త్రి ధీమా. ఇప్పటిదాకా ఎవడూ రాలేదు. దసరాకి ఇల్లు సర్దినప్పుడల్లా మా ఆవిడ దాన్ని నాకే చూపిస్తుంది.