హైదరాబాద్ పాత కట్టడాలు, వాటిని కనిపెట్టుకుని ఉన్న మనుషులు

హైదరాబాద్ వచ్చినవారికి ఒక్క పూట తీరిక దొరికితే ‘పైగా’ అనే ప్రభువంశం వారి సమాధులు చూడమని చెబుతాను. చార్మినార్, గోల్కొండ ఎవరూ చెప్పకపోయినా చూస్తారు. ఈ సమాధులు మాత్రం సంతోష్‌నగర్ వైపు పీసల్‌బండలో, ఇళ్ల మధ్య ఒక సందులో ఉన్నాయి. చార్మినార్‌కు నాలుగు కిలోమీటర్ల దూరమే అయినా ఆటోవాళ్లలో చాలామందికి ఆ పేరు చెబితే తెలియదు. ఒవైసీ ఆసుపత్రి అనండి, వెంటనే తీసుకెళ్తారు. అక్కడ దిగి అడిగితే వీధిలో ఆడుకునే పిల్లలే దారి చూపిస్తారు.

నిజాం రాజ్యంలో నిజాం తర్వాత అంతటివారు పైగా ప్రభువులు. నిజాం అంగరక్షక సైన్యం వారి అధీనంలో ఉండేది. నిజాం ఇంటి ఆడపిల్లలను పెళ్లాడేవారు. 18వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టి తరం వెంట తరం ఇక్కడే సమాధులు కట్టుకున్నారు. లోపల పాలరాతి సమాధులు, చుట్టూ గచ్చుతో తీర్చిన జాలీ తెరలు. ఒక జాలీలోని అల్లిక పక్క జాలీలో కనబడదు. కొన్ని ఆవరణలకు పైకప్పు ఉండదు, ఎండ నేరుగా సమాధి మీద పడుతుంది. అందుకే ఉదయం పదిలోపు వెళ్లాలి. ఆ వేళకు జాలీ నీడలు నేల మీద పొడవుగా పరుచుకుంటాయి. మిట్టమధ్యాహ్నం వెళితే ఆ అందం దక్కదు.

అక్కడ మమ్మల్ని తిప్పి చూపించిన కాపలాదారు పెద్దాయన. తన తండ్రి, తాత కూడా ఇదే పని చేశారన్నారు. తేదీల జోలికి పోలేదు. ఒక గోడ దగ్గరికి తీసుకెళ్లి వేలి కణుపుతో తట్టి, “వినండి” అన్నారు. గట్టిగా, మొద్దుగా ఒక చప్పుడు. రెండడుగులు జరిగి మళ్లీ తట్టారు. ఈసారి లోపల ఖాళీ ఉన్నట్టు డొల్లగా మోగింది. మొదటిది పాత డంగు సున్నం, రెండోది ఎప్పుడో సిమెంటుతో చేసిన అతుకు పక్కన ఉబ్బిన చోటు. సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. గోడలో చేరిన నీరు వేరే దారి లేక పక్కనున్న పాత గచ్చును ఉబ్బించి రాల్చేస్తుంది. కట్టడాల పరిరక్షణ చదువుకున్నవారు కూడా గోడను ఇలాగే తట్టి చూస్తారు. ఆయనకు మాత్రం ఆ విద్య తండ్రి వెంట తిరుగుతూ అబ్బింది. ఏ గోడ ఏ వానాకాలంలో ఉబ్బిందో ఆయన వరసగా చెబుతుంటే, దీన్ని ఎవరైనా రాసుకుంటున్నారా అని ఆత్రంగా అనిపించింది. “చాచా, ఇవన్నీ ఎక్కడైనా రాసి ఉన్నాయా?” అని అడిగాను. లేదన్నట్టు తల ఊపి పక్క తలుపు తాళం తీశారు.

ఈ ప్రాంగణంలో సమాధి ఉన్నవారిలో వికారుల్ ఉమ్రా ఒకరు. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించింది ఆయనే. 1884లో పునాది వేసి దాదాపు పదేళ్లు కట్టించారు. 1897లో అది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. 2010 నుంచి తాజ్ వారి హోటల్‌గా నడుస్తోంది. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల, గోడలను ఆనుకుని పైకెక్కే పాలరాతి మెట్లు, అన్నీ తళతళలాడుతూ ఉన్నాయి. బస చేసేవారికి ప్యాలెస్‌ను తిప్పి చూపిస్తారు. బయటివారు ముందుగా ఏర్పాటు చేసుకోకుండా వెళ్లి లాభం లేదు. చూడదగిందే, కాదనను. కానీ ఒకే మనిషి కట్టించిన మేడకు అంత సేవ, ఆయన సమాధికి తాళంచెవుల గుత్తి పట్టుకున్న ఒక కుటుంబం. ఈ రెండూ ఒకే రోజు చూస్తే పాత కట్టడాల సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేకుండా అర్థమవుతుంది. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే నేను సమాధులకే వెళ్తాను.

కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకి మెట్రోలో వెళ్లడం తేలిక. ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి నడవవచ్చు. రెసిడెంటు, అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దం తొలి ఏళ్లలో దీన్ని కట్టించాడు. ముందువైపు ఆరు మహా స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ సింహాలు. ఆయన హైదరాబాద్ ప్రభువంశపు యువతి ఖైరున్నీసాను పెళ్లాడాడు. ఘోషాలో ఉన్న ఆమె భవనం ముందుభాగాన్ని చూసే వీలు లేదని, అందుకే జనానా (ఆడవారి నివాసం) వైపు తోటలో ఈ మేడకు చిన్న నమూనా కట్టించాడని చెబుతారు. ఆ నమూనాను వెతుక్కుని మరీ చూడండి. 1857 జులై 17న బ్రిటిషువారిపై తిరగబడిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తమ మనుషులతో దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే. తుర్రేబాజ్ ఖాన్ స్మారకం కోఠీలోనే ఉంది, జనం దాని పక్కనుంచే బస్సుల కోసం పరుగెడుతుంటారు.

రెసిడెన్సీ మరో జీవితం 1949లో మొదలైంది. ఉస్మానియా మహిళా కళాశాల ఇక్కడికి వచ్చింది. ఇప్పుడది వీరనారి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం. ఎన్నో తరాల అమ్మాయిలు ఈ గదుల్లో చదువుకున్నారు. భవనం శిథిలమవుతుంటే పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ముందుకొచ్చింది. ఏళ్ల తరబడి సాగిన పని తర్వాత దర్బారు హాలు మళ్లీ నిలబడింది. అక్కడ ఊడ్చే పనిలో ఉన్న ఒకావిడతో మాట కలిపాను. “వానొస్తే ఈ హాల్లో బకెట్లు పెట్టేవాళ్లమమ్మా. ఆ మూల ఒకటి, మెట్ల దగ్గర రెండు. ఎక్కడ కారుతుందో ఇంజనీర్లకంటే ముందు మాకే తెలిసేది” అని ఒక్కో చోటూ చేత్తో చూపించింది. బాగుచేసిన భవనంలో ఆ మూల ఇప్పుడు మిగతా గోడలాగే తెల్లగా ఉంది. ఆవిడ చెప్పకపోతే నేను అటు చూసేదాన్నే కాదు. ఇది విశ్వవిద్యాలయ ప్రాంగణం కాబట్టి సందర్శన వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి.

గోల్కొండ సుల్తానుల కుతుబ్‌షాహీ సమాధుల్లో పని జరిగిన తీరు చూసి చాలా సంతోషించాను. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ మొదలుపెట్టిన పని దశాబ్దానికి పైగా సాగింది. గుమ్మటాల మీద పూసిన సిమెంటును చెక్కేసి మళ్లీ సున్నమే పూశారు. 2013 వానలకు కూలిపోయిన బడీ బావి అనే మెట్లబావిని తిరిగి కట్టారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. బావి అంచున నిలబడి చూస్తే పాత రాయి ఎక్కడ ఆగిందో, కొత్త రాయి ఎక్కడ మొదలైందో పోల్చుకోవడం కష్టం. సుల్తానుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఈ రాళ్లు ఎత్తిన తాపీమేస్త్రీల పేర్లు కూడా బావి దగ్గర ఒక పలక మీద చెక్కించాలని నా కోరిక. రాజకుటుంబీకుల పార్థివదేహాలకు స్నానం చేయించిన హమామ్‌ను వదలకుండా చూడండి. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా సమాధి మాత్రం ఇక్కడ కనబడదు. ఆయన మొఘలుల బందీగా దౌలతాబాద్‌లో కన్నుమూశాడు.

నిజాంల చౌమహల్లా ప్యాలెస్ గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క మాటే. ఖిల్వత్ దర్బారులోని షాండ్లియర్ల కింద అందరూ ఫోటోలు దిగుతారు. నన్ను ఆకట్టుకుంది ఖిల్వత్ గడియారం. గడియారాలు బాగుచేసే ఒక కుటుంబం వారు వారానికోసారి దానికి కీ ఇస్తారు. రాజ్యం పోయింది, కీ ఇవ్వడం మాత్రం ఆగలేదు. శుక్రవారం ప్యాలెస్‌కు సెలవు.

ఇక బస. మొదట దిగిన చోటు పాత మేడలో నడుపుతున్న అతిథిగృహం. పేరులో హెరిటేజ్ ఉంది, లోపల సున్నపు గోడలన్నిటికీ మెరిసే రంగు దట్టంగా పూసేశారు, తలుపులు తీసి అల్యూమినియం చట్రాలు బిగించారు. ఈ ఇల్లు ఎవరిదని అడిగితే కౌంటరులో ఎవరికీ తెలియదు. పాత ఇంట్లో ఉండాలన్న మోజుతో వెళ్లేవారు బుక్ చేసుకునే ముందు ఫోన్ చేసి ఇల్లు ఎవరు కట్టారని అడగండి. జవాబు రాకపోతే మామూలు లాడ్జిలో దిగడం నయం. గోల్కొండ వైపు ఉండదలచుకుంటే తారామతి బారాదరి ప్రాంగణంలో పర్యాటక శాఖ బస ఉంది. తెల్లవారగానే కుతుబ్‌షాహీ సమాధులకు చేరుకోవచ్చు, ఎండ ముదరకముందే చూసి రావచ్చు.

గైడ్ల విషయంలో నా అభిప్రాయం కాస్త కటువు. మేము కుదుర్చుకున్న ఒక గైడు ప్రతి గోడ దగ్గరా ఒక ప్రేమకథ చెప్పాడు. గోడ దేనితో కట్టారని అడిగితే మరో ప్రేమకథ అందుకున్నాడు. దానికి బదులు అక్కడ ఊడ్చేవారిని, తాళాలు తీసేవారిని, తోటమాలిని పలకరించండి. వెళ్లగానే ఫోన్ కెమెరా ముఖం మీద పెట్టకండి. ముందు వారి పని గురించి అడగండి, భవనం కథ దానంతట అదే వస్తుంది. వానాకాలంలో ఏమవుతుందని అడిగితే ఎవరూ ముక్తసరిగా జవాబివ్వరు. వారు చెప్పే రాజుల తేదీలను పుస్తకంతో సరిచూసుకోవాల్సిందే. కానీ కప్పు ఎక్కడ కారింది, ఏ తలుపు ఎప్పుడు మార్చారు, ఏ చెట్టు వేరు గోడలోకి దిగింది అన్నది వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. చాలాచోట్ల ఇప్పుడు కాపలా పని ఏజెన్సీల ద్వారా వచ్చే ఒప్పంద సిబ్బందిది. వారు గోడలను ఎరిగేలోపే వేరే చోటికి మార్చేస్తారు. దీర్ఘకాలం పనిచేసినవారు ఉద్యోగం వదలకముందే వారి మాటలను రికార్డు చేసి కట్టడం దస్త్రంలో చేర్చాలి. దానికి కావలసింది ఒక ఫోను, ఓపిక ఉన్న ఒక చరిత్ర విద్యార్థి.

ఊరు దాటి వెళ్లే వీలున్నవారు కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను కూడా జాబితాలో చేర్చుకోండి. దానికి కూడా 2022లోనే యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. ఆ కోట పాత సంస్థానాధీశుల వంశస్థులైన కామినేని కుటుంబం సంరక్షణలో ఉంది. సొంతవాళ్లు కనిపెట్టుకుంటే కట్టడం ఎలా ఉంటుందో అక్కడ చూసి, పైగా సమాధులతో, కుతుబ్‌షాహీ సమాధులతో పోల్చుకోవచ్చు.