స్టీరియో మార్చకుండానే పాట సాఫీగా వచ్చింది: పాలకొల్లు కార్ ఆడియో షాపు గురించి

కార్లో ఫోన్‌ని వైర్ లేకుండా కలిపితే పాట ముక్కలు ముక్కలుగా వస్తోందని ఎవరి దగ్గర ఎత్తినా "మా బండిలోనూ అంతేనండి" అంటున్నారు, రాజోలు నుంచి భీమవరం దాకా ఇదే మాట. దానికి షాపుల్లో చెప్పే మందు కూడా ఒక్కటే, స్టీరియో మార్చేయమని. నేను ముందు వెళ్లిన షాపులో (ఊరు, పేరు ఎందుకులెండి) కారు తలుపు కూడా తియ్యకుండానే కొత్త ఆండ్రాయిడ్ స్టీరియోకి ఇరవై రెండు వేలు చెప్పారు. ఉన్నదానికి ఏమైందని అడిగితే "కంపెనీ సెట్లు అంతేనండి" అన్నారు. అంత డబ్బు పోశాక కూడా పాట తెగుతూనే ఉంటే అప్పుడు ఎవరికి చెప్పుకోవాలి? పాలకొల్లులో ఉన్న ఈ చిన్న షాపులో మాత్రం షాపాయన ముందు కారెక్కి కూర్చుని విన్నారు. ఈ ఒక్క పని చేసే షాపు దొరకడం ఎంత కష్టమో తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా.

మా బండికి కంపెనీ స్క్రీనే ఉంది, దాంట్లో ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాప్, పాటలు కారు స్క్రీన్ మీద చూపించే ఏర్పాటు) వైర్‌తో మాత్రమే పనిచేస్తుంది. అందుకని ఆన్‌లైన్‌లో అగ్గిపెట్టంత వైర్‌లెస్ అడాప్టర్ ఒకటి తెప్పించాం. దాన్ని కారు యూఎస్‌బీ సాకెట్‌కి తగిలిస్తే ఫోన్ జేబులో ఉండగానే మ్యాప్, పాటలు స్క్రీన్ మీదికి వచ్చేస్తాయి. వచ్చాయి కూడా, కానీ చించినాడ వంతెన ఎక్కి దిగేలోపే పాట నాలుగైదు చోట్ల తెగేది, ఒక్కోసారి స్క్రీనే నల్లబడి మళ్లీ వచ్చేది.

షాపాయన అడిగిన మొదటి ప్రశ్నే నాకు నచ్చింది. "పాట ఆగుతుందాండీ, తెగుతుందాండీ, లేకపోతే మొత్తం స్క్రీనే పోతుందాండీ?" మూడూ ఉన్నాయన్నాను. "ఆయ్, అయితే మూడూ విడివిడిగా చూడాలండి, ఒకదాంతో ఒకటి కలపకండి" అన్నారు. ఆయన చెప్పింది ఇదీ. పాట ఉన్నట్టుండి ఆగి, కొన్ని సెకన్ల తర్వాత ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలైతే అది ఇంటర్నెట్ అందకపోవడం, కారుకీ స్టీరియోకీ సంబంధం లేదు. పాట ముందుకు పోతూనే మధ్యలో మాటలు, దరువు ఎగిరిపోతుంటే అది ఫోన్‌కీ కారుకీ మధ్య వచ్చిన తేడా. మ్యాప్‌తో సహా అన్నీ పోయి అర నిమిషానికి మళ్లీ వస్తే అడాప్టర్‌కి కరెంట్ పోయి మళ్లీ వచ్చినట్టు. ఇంత తేలిగ్గా విడగొట్టొచ్చని నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు.

ముందు ఇంటర్నెట్ సంగతి తేల్చారు. కొబ్బరి తోటల మధ్య లోపలి రోడ్ల మీద, చెరువుల గట్ల వెంట సిగ్నల్ పడిపోయే చోట్లు మనవైపు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలిసిందే, అక్కడ ఆన్‌లైన్ పాట ఆగితే స్టీరియోని తిట్టి లాభం లేదు. ఫోన్‌లో పాటలు కొన్ని డౌన్‌లోడ్ చేయించి, ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్, వైఫై మాత్రం మళ్లీ ఆన్ చేయించి, నరసాపురం రోడ్డు మీద కొంత దూరం పోనిమ్మన్నారు. ఆగడం పోయింది, తెగడం మాత్రం అలాగే ఉంది. ఈ పరీక్షకి షాపు కూడా అక్కర్లేదు, ఎవరింటి దగ్గర వాళ్లే చేసుకోవచ్చు.

తర్వాత ఏరోప్లేన్ మోడ్ తీయించి, నన్ను ఎవరికైనా ఫోన్ చేసి మాట్లాడమన్నారు. కాల్ శుభ్రంగా వినిపించింది. దాంతో ఆయన సగం తేల్చేశారు. ఎందుకంటే వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటోలో బ్లూటూత్ మొదట ఫోన్‌నీ అడాప్టర్‌నీ పరిచయం చేసి పక్కకి తప్పుకుంటుంది, ఆ తర్వాత మ్యాప్, పాటలు అన్నీ వైఫై మీదే నడుస్తాయి, మామూలుగా 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద (పాత వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్జ్ కాకుండా వేరే తరంగాల దారి). ఫోన్ కాల్ మాత్రం బ్లూటూత్ మీదే కారుకి వెళ్తుంది. కాబట్టి కాల్ బాగుండి పాట తెగుతోందంటే వైఫై దారిలో ఏదో అడ్డం పడుతోందన్నమాట. రెండూ తెగుతుంటే ఫోన్‌నే అనుమానించాలి. (ఆండ్రాయిడ్ 11, 5 గిగాహెర్ట్జ్ వైఫై, రెండూ ఉన్న ఫోన్ అయితేనే ఈ అడాప్టర్ల జోలికి వెళ్లండి, కొనేముందు ఇది చూసుకోవాలి.)

అడ్డం పడుతోంది ఎవరో కాదు, అద్దానికి అంటించిన డాష్‌క్యామ్, అంటే రోడ్డుని రికార్డు చేసే కెమెరా. వీడియోలు ఫోన్‌లోకి దింపుకోవడానికి దానికీ సొంత వైఫై ఉంటుంది, మా దాంట్లో అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంది, అదీ 5 గిగాహెర్ట్జ్ మీదే. అడాప్టర్‌కీ దానికీ మధ్య మూరెడు దూరం కూడా లేదు. డాష్‌క్యామ్ వైర్ పీకి మళ్లీ అదే రోడ్డు మీద వెళ్తే పాట ఒక్కచోట కూడా తెగలేదు, తగిలించగానే మళ్లీ మొదలు. ఆ తేడా చెవులతో వినడం నిజంగా సంతోషం. డాష్‌క్యామ్ మెనూలో వైఫై ఆఫ్ చేసేసి, వీడియో కావాల్సినప్పుడే ఆన్ చేసుకోమన్నారు, రికార్డింగ్‌కి వైఫైతో పనిలేదు. దాంతో పాటు అడాప్టర్ యాప్‌లో వైఫై చానల్ (ఆ తరంగాల దారిలో నంబరు వేసిన లైను లాంటిది) మార్చే చోటు చూపించారు. 36 మీద ఉన్నదాన్ని 149కి మార్చారు. అన్ని అడాప్టర్లలో ఈ వీలు ఉండదు, ఉంటే మాత్రం తప్పకుండా మార్చి చూడండి.

హాట్‌స్పాట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెళ్లికో తిరణాలకో బయల్దేరినప్పుడు వెనక సీట్లో పిల్లలకి నెట్ కావాలంటారు, డ్రైవ్ చేసేవాళ్ల ఫోన్‌లోనే హాట్‌స్పాట్ ఆన్ చేస్తాం. అప్పుడు ఆ ఒక్క ఫోన్ వైఫై అటు అడాప్టర్‌కీ ఇటు పిల్లల ఫోన్లకీ పంచుకోవాల్సి వస్తుంది, పాట తెగకుండా ఎలా ఉంటుంది? హాట్‌స్పాట్ వేరే వాళ్ల ఫోన్ నుంచి ఇస్తే సరిపోతుంది. మా బండిలో అలా మార్చుకున్నాక పిల్లలకీ నెట్ బాగానే వస్తోంది.

ఇక స్క్రీన్ నల్లబడటం. సాకెట్ లోపలికి ఉందని ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, దానికి రెండు మూతుల స్ప్లిటర్ పెట్టి, ఒకదానికి అడాప్టర్, రెండోదానికి ఫోన్ చార్జింగ్ వైర్ తగిలించి ఉంది. యూఎస్‌బీ 2.0 సాకెట్ లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే, దాన్లోంచే ఫోన్ కూడా లాక్కుంటే అడాప్టర్‌కి చాలదు. పైగా గోతిలో పడ్డప్పుడల్లా కేబుల్ మూతి కదులుతోంది. ఆయన స్ప్లిటర్ తీసేసి, పొట్టిదీ కాస్త మందందీ అయిన కేబుల్ వేసి, అది ఊగకుండా క్లిప్పు పెట్టారు. ఫోన్ చార్జింగ్‌కి వేరుగా 12 వోల్టుల సాకెట్లో పెట్టే చార్జర్ వాడమన్నారు. అప్పట్నుంచి స్క్రీన్ పోయింది లేదు. అడాప్టర్ మీదుండే లైటు ఆరి వెలుగుతోందేమో చూసుకుంటే ఈ జబ్బు ఇంటి దగ్గరే తెలిసిపోతుంది.

ఫోన్ సెట్టింగుల్లో కూడా కొంత పని చేశారు. మనవాళ్లు ఎక్కువగా వాడే ఫోన్లలో చాలావరకు బ్యాటరీ మిగల్చడం కోసం వెనకాల నడిచే యాప్‌లని తొక్కేస్తుంటాయి. ఆండ్రాయిడ్ ఆటో, గూగుల్ ప్లే సర్వీసెస్, పాటల యాప్, ఈ మూడింటికీ బ్యాటరీ సెట్టింగులో అన్‌రిస్ట్రిక్టెడ్ అని పెట్టాలి (కొన్ని ఫోన్లలో నో రిస్ట్రిక్షన్స్ అని ఉంటుంది). బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కార్లో ఉన్నంతసేపైనా తీసేయాలి. లొకేషన్ సెట్టింగుల్లో వైఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండుంటాయి, అవి కూడా ఆఫ్ చేయించారు, వాటివల్ల నష్టమేం కనబడలేదు. ఇంకోటి ఎండ. రోహిణి కార్తెలో డాష్‌బోర్డు మీద స్టాండుకి పెట్టి, అలాగే చార్జింగ్ పెట్టి, మ్యాప్ నడిపిస్తే ఏ ఫోనైనా కాలిపోతుంది, కాలిన ఫోన్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, దాంతో పాట కూడా తడబడుతుంది. ఏసీ గాలి తగిలేచోట పెట్టండి, వైర్‌లెస్ చార్జింగ్ పలక మీద అయితే ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి ఆ కాలంలో దాన్ని వాడకపోవడమే మేలు.

నేను అక్కడ ఉండగానే మామూలు బ్లూటూత్ స్టీరియో ఉన్న బండి ఒకటి వచ్చింది, ఆండ్రాయిడ్ ఆటో ఏమీ లేదు, దాంట్లోనూ ఇదే బాధ. అక్కడ లెక్క వేరు. పాట మొత్తం బ్లూటూత్ మీదే వస్తుంది, అది నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, పాత వైఫై కూడా అక్కడే ఉంటుంది. ఆయన మొదట ఆ బండి తెచ్చిన అబ్బాయి వెనక జేబులో ఉన్న ఫోన్ తీయించి గేర్ దగ్గర పెట్టించారు. మన ఒంట్లో ఎక్కువ ఉండేది నీరే, ఆ తరంగాల్ని అది బాగా మింగేస్తుంది. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో ఉండే డెవలపర్ ఆప్షన్స్‌లో కోడెక్ (పాటని కుదించి బ్లూటూత్ మీద పంపే పద్ధతి) చూశారు. సోనీ తెచ్చిన ఎల్‌డాక్ అయితే గరిష్ఠంగా సెకనుకి 990 కిలోబిట్లు పంపిస్తుంది, మామూలు ఎస్‌బీసీ దానిలో మూడో వంతు. క్వాలిటీ బాగుంటుందని 990 పెట్టుకుంటే చుట్టూ వైఫైలు, బ్లూటూత్‌లు రద్దీగా ఉన్నచోట తెగడం ఖాయం. 660కో 330కో దింపితే నడిచే కార్లో తేడా పట్టుకోవడం కష్టం, పాట మాత్రం నిలబడుతుంది. ఆ బండిలో చివరికి అసలు కారణం స్టీరియో వెనకాల దొరికింది, చిన్న యాంటెన్నా వైరు ఇనప ఫ్రేముకి ఆనుకుని నొక్కుకుపోయి ఉంది. దాన్ని పక్కకి తీసి ప్లాస్టిక్ వైపు అంటించారు. బయట వేయించిన చైనా ఆండ్రాయిడ్ సెట్లలో ఇది మామూలేనట, బిగించినవాళ్లు తొందరలో అలా వదిలేస్తారట.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది కూడా ఆయనే గుర్తుచేశారు. ఫోన్‌లోంచి కారు పేరునీ, కార్లోంచి ఫోన్ పేరునీ, రెండు వైపులా తీసేసి కొత్తగా జత చేయాలి, ఒక వైపే తీస్తే లాభం లేదు. ఇంట్లో నలుగురి ఫోన్ల పేర్లు కారు జాబితాలో ఉండిపోతే పాతవి తీసేయాలి. అదీ కుదరకపోతే ఫోన్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు రీసెట్ చేయాలి, కానీ ఇంట్లో వైఫై పాస్‌వర్డులు కూడా పోతాయి, రాసిపెట్టుకుని చేయండి.

ఈతకోట టోల్ గేటు దగ్గర పాట తెగుతోంది, ఫాస్టాగ్ వల్లేనని చాలామంది అంటారు, నేనూ అడిగాను. ఫాస్టాగ్ పనిచేసేది 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్యలో, బ్లూటూత్‌కీ వైఫైకీ అది ఎక్కడో దూరం, దాని జోలికి రాదు. గేటు దగ్గర బండ్లు ఒకదాని వెనక ఒకటి ఆగినప్పుడు ఇన్ని కార్లలో ఇన్ని వైఫైలు, బ్లూటూత్‌లు ఒకేచోట చేరతాయి, తెగితే దానివల్ల తెగాలి. వరస కదలగానే సర్దుకుంటుంది కాబట్టి దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు.

మొత్తానికి కేబుల్, క్లిప్పు, ఆయన శ్రమ కలిపి 800 రూపాయలు తీసుకున్నారు. కొత్త అడాప్టర్ అమ్మే అవకాశం ఉండీ అమ్మలేదు, అడిగితే "మీది బానే ఉందండి, మార్చి ఏం చేస్తారు" అన్నారు. ఈ మాటకి నేను ఎంత గౌరవం ఇస్తానో చెప్పలేను. లోపాలూ ఉన్నాయి. బిల్లు అడిగితేనే ఇస్తారు. ఒక్కరే పని చేస్తారు, ముందు బండి ఉంటే రెండు మూడు గంటలు కూర్చోవాల్సిందే, కూర్చోవడానికి నీడ ఉంది కానీ కుర్చీలు తక్కువ. ఫోన్లో ముందే అడిగితే టైమ్ చెప్పరు, వచ్చి చూడమంటారు.

అడాప్టర్ విషయానికొస్తే, ఇప్పుడు బాగా పనిచేస్తోంది కానీ బండి స్టార్ట్ చేశాక కనెక్ట్ అవడానికి అర నిమిషం పడుతుంది, పాట మారిస్తే ఒకట్రెండు సెకన్లు ఆలస్యంగా మారుతుంది. రోజూ పదిసార్లు ఎక్కి దిగేవాళ్లకి ఇది హాయి. రాజమండ్రికో విజయవాడకో నెలకోసారి వెళ్లేవాళ్లు మంచి డేటా కేబుల్ ఒకటి కొనుక్కోండి, పాట తెగే టెన్షన్ ఉండదు, ఫోన్ చార్జింగూ అయిపోతుంది.

షాపు కాలవ రోడ్డు వైపు ఉంది, బోర్డు మీద పేరు వెలిసిపోయింది కానీ కారు సౌండ్ సెట్ల షాపు అని అడిగితే చూపిస్తారు. మధ్యాహ్నం భోజనానికి మూసేస్తారు, ఉదయాన్నే వెళ్లడం మంచిది. వెళ్లేటప్పుడు కార్లో రోజూ వాడే ఫోన్, దాని కేబుల్, అడాప్టర్ అన్నీ తీసుకెళ్లండి, కొన్ని పాటలు ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.