ఒక లెన్సా, రెండు లెన్సులా? 1850ల స్టీరియో ఫోటోలకి ఏది మేలు

ఒకే సీన్‌ని కుడి కంటికి ఒకటి, ఎడమ కంటికి ఒకటి కాస్త తేడాతో తీసి వ్యూయర్‌లో చూస్తే లోతు కనిపిస్తుంది, అదే స్టీరియో ఫోటో. అప్పట్లో తీయడానికి రెండు పద్ధతులు ఉండేవి. ఒకే లెన్సు కెమెరాతో ఒకటి తీసి, కెమెరాని పక్కకి జరిపి ఇంకోటి తీయడం. లేదంటే మాంచెస్టర్‌లో జాన్ బెంజమిన్ డాన్సర్ 1853లో చేసిన కెమెరాలా రెండు లెన్సులతో ఒకేసారి తీసేయడం.

ఫ్యాక్టరీలు, షిప్‌యార్డులకైతే నా ఓటు రెండు లెన్సులకే. పని జరిగే చోట ఏదీ కుదురుగా ఉండదు కదా, పొగ, ఆవిరి, బండ్లు, మనుషులు అన్నీ కదులుతూనే ఉంటాయి, మీరు కెమెరా జరిపేలోపు ఎడమ బొమ్మలో ఉన్న కూలీ కుడి బొమ్మలో ఉండడు, వ్యూయర్‌లో పెడితే ఆ చోట మినుకుమినుకుమని కళ్ళు లాగేస్తాయి.

ఒక లెన్సుకీ ఒక ప్లస్ ఉంది, అది ఒప్పుకోవాల్సిందే. మన కళ్ళ మధ్య దూరం సుమారు 65 మిల్లీమీటర్లు, రెండు లెన్సుల్ని కూడా దాదాపు అంతే దూరంలో పెడితే దూరాన ఉన్న చిమ్నీలు అట్టముక్కల్లా కనిపిస్తాయి. కెమెరాని ఒక మీటరు జరిపితే వాటికీ లోతు వస్తుంది. మరీ ఎక్కువ జరిపారో, ఫ్యాక్టరీ మొత్తం బొమ్మలకొలువులో బొమ్మంత అయిపోతుంది!

లండన్ మిల్వాల్‌లో 1857లో కడుతున్న గ్రేట్ ఈస్టర్న్ ఓడనే తీసుకోండి, దాని స్టీరియో కార్డులు కూడా వచ్చాయి. 692 అడుగుల ఇనుప ఓడ, థేమ్స్ ఒడ్డున నదికి సమాంతరంగా కట్టి పక్కవాటుగా నీళ్ళలోకి దించారు. ఇలాంటి చోట ముందు ఓ గొలుసు, దాని వెనక మనిషి, ఆ వెనక ఓడ గోడ ఉంటే చాలు, రెండు లెన్సుల లోతు సరిపోతుంది, ఓడ ఎంత పెద్దదో ఒళ్ళు జలదరించేలా తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. రెండు లెన్సుల నెగటివ్ నుంచి ప్రింట్ తీశాక రెండు బొమ్మల్నీ కత్తిరించి, కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చి అట్టకి అతికించాలి. మర్చిపోతే గొలుసు వెనక్కి పోయి ఓడ గోడ ముందుకొచ్చేస్తుంది.

పాత కార్డు ఎప్పుడైనా చేతికొస్తే ముందు పొగ చూడండి. రెండు బొమ్మల్లో పొగ ఆకారం వేరువేరుగా ఉంటే ఒక లెన్సుతో జరిపి తీసిందే.